తిరిగిన చెయ్యి, లేచిన గది

ఆ రోజు పొద్దున సైగలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేవకముందే తను లేవాలి. బీరువా అద్దం ముందు నిలబడి దెబ్బను ఒకసారి సరిచూసుకోవాలి. కాఫీ తాగి, క్యారేజీ పట్టుకుని యార్డుకు పోవాలి. అక్కడ పెద్దసారు కళ్లముందు చెయ్యి తిప్పి, ఊడబోయే ఉద్యోగాన్ని నిలబెట్టుకోవాలి. ఇందులో ఎవరికీ హాని లేదు. లోకంలో అనర్థాలన్నీ ఇలాంటి హానిలేని పథకాలతోనే మొదలవుతాయి. హాని చేద్దామని బయల్దేరినవాడు కనీసం అటూ ఇటూ చూసుకుని అడుగేస్తాడు.

సైగలాయన అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, పని పెట్టిన పేరు. పైపుల యార్డు మధ్యలో ఆకాశాన్ని గీకుతున్నట్టు ఒక క్రేను ఉంది. దాని నెత్తిన గాజు గూట్లో కూర్చున్న డ్రైవరుకి కింద జరిగేది సగం కనపడదు, కిందివాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని నేలమీద ఒకడు నిలబడి చేతులతో చెప్పాలి. చెయ్యి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. ఐదువేళ్లూ చాపి అరచెయ్యి చూపిస్తే ఆపమని. వేళ్లు కిందికి ఆడిస్తే దించమని. చెయ్యి ఒక పక్కకు చాపితే అటు తిప్పమని. ఈ నాలుగు ముక్కలతోనే ఆయన ఇన్నేళ్లూ సంసారం ఈదుకొచ్చాడు. పెద్ద చదువులు చదివి నాలుగు వేల మాటలు నేర్చినవాళ్లు అంతకంటే ఏం ఈదారు గనక.

చిక్కల్లా ఒక్కటే. పైన గూట్లో కూర్చునేవాడు ఆయన సొంత బావమరిది. వాళ్లిద్దరికీ మాటల్లేవు. బావమరిది కొత్తింట్లోకి బీరువా చేర్చేటప్పుడు, "నేనుండగా నీకేం భయంరా, యార్డులో ఏనుగులంత పైపులు తిప్పించినవాణ్ణి" అని సైగలాయన మెట్లమీద నిలబడి చేతులు ఊపాడు. కొంచెం ఎడమ, కొంచెం కుడి, ఎత్తు, ఎత్తు అన్నాడు. బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. కొత్తింటివాళ్లు కొన్నాళ్లపాటు దానిమీదుగా పాకి పడగ్గదికి వెళ్లారు. చివరికి రంపం తెచ్చి కాళ్లు కోశారు. అప్పట్నుంచి బావమరిది ఒక నియమం పెట్టుకున్నాడు. "పని విషయంలో ఆయన చేతులు చూస్తాను. మొహం చూడను, మాట వినను." చెప్పినట్టే చేతులు చూస్తాడు, అణువంత తేడా రాకుండా చేస్తాడు. అంత కచ్చితంగా పనిచేసేది పగబట్టిన చుట్టమొక్కడే.

ఇక ఉద్యోగం ఊడే సంగతి. మేనేజరు పెద్దాఫీసులో శిక్షణకు వెళ్లి రెండు రోగాలు తగిలించుకుని వచ్చాడు. ఒకటి వాకీటాకీలు. రెండోది బాక్సింగు.

"ఈ కాలంలో కూడా చేతులు ఊపుకుంటూ కూర్చుంటామా అండీ?" అన్నాడు మీటింగులో. భద్రతా వారం చివరి రోజున పెద్దాఫీసు నుంచి పెద్దసారు వస్తారు, ఆయన చేతుల మీదుగా వాకీటాకీలు మొదలవుతాయి. పైవాడికి ఒకటి, కిందివాళ్లకు ఒకటి. మరి మధ్యలో సైగలాయన ఎందుకు? ఆ మాట మీటింగులో ఎవరూ అడగలేదు. అందరూ ఆయన వంక చూసి, వెంటనే టీ గ్లాసుల్లోకి చూశారు. జవాబు అక్కడే దొరికింది.

రెండో రోగానికి వైద్యుడు యార్డులోనే ఉన్నాడు. ఆయన సేఫ్టీ సారు. గోడలనిండా బోర్డులు రాయించిన మహానుభావుడు. ఒకసారి ఒక బోర్డు ఊడి కూలీ కాలుమీద పడితే, దాని పక్కనే 'బోర్డు పడును, జాగ్రత్త' అని ఇంకో బోర్డు పెట్టించాడు. పడుచువయసులో బాక్సింగు నేర్చాడు. ఏ ఒక్కడూ తనని కొట్టలేకపోయాడని చెప్పుకుంటాడు. అది నిజమే. ఆయన బరిలోకి దిగితే కదా కొట్టడానికి.

"శరీరం చురుగ్గా ఉన్నవాడికి ప్రమాదం జరగదని శిక్షణలో చెప్పారు. కాబట్టి పెద్దసారు ముందు బాక్సింగు చూపిద్దాం. కానీ పూర్తి సురక్షితంగా" అన్నాడు మేనేజరు.

సేఫ్టీ సారు యార్డంతా కలయజూసి సైగలాయన కుడి భుజం మీద చెయ్యివేశాడు. "ఇన్నేళ్లు తిరిగి తిరిగి బండి చక్రంలా తయారైందయ్యా ఇది. బోలో పంచ్ కోసమే పుట్టిన భుజం."

"బోలో ఏంటి సార్?"

"అదో దెబ్బ. బాక్సింగు చేసేవాళ్లలో కూడా చాలామందికి రాదు. కుడిచెయ్యి ఇలా పెద్ద సున్నా చుడుతుంది. ఎదుటివాడు నోరు తెరుచుకుని ఆ సున్నానే చూస్తాడు. చూస్తుండగానే కింద నుంచి వచ్చి తగులుతుంది. గుట్టంతా అంతే. జనం తిరిగేదాన్ని చూస్తారు, తగిలేదాన్ని చూడరు."

సైగలాయనకు ఆ మాట నచ్చింది. పెద్దసారు ఈ చేతిని ఒక్కసారి కళ్లారా చూస్తే, ఇంతటి చేతిని వాకీటాకీ కోసం వదులుకుంటాడా అనిపించింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు. ఈయనకు ఏకంగా పంచ్ దొరికింది.

వారమంతా సామాన్ల గదిలో శిక్షణ సాగింది. ఎడమకాలు ముందుకు, కుడిమడమ కాస్త లేచి ఉండాలి. మోకాళ్లు మెత్తగా వంగాలి. గడ్డం కిందికి. ఎడమచెయ్యి చెంప దగ్గర కాపలా కాయాలి, తిరిగే చెయ్యి ఎలాగూ కాపలా కాయదు కాబట్టి. కుడిచెయ్యి వెనకనుంచి పైకి లేచి, ముందునుంచి కిందికి దిగి సున్నా చుట్టాలి. సున్నా అడుగుకు వచ్చేసరికి నడుము తిరగాలి. ఆ తిప్పుడుతో పిడికిలి పైకి లేవాలి. "బలం భుజంలోంచి రాకూడదు. భుజంతో లాగావా, కీలు జారి ఇంట్లో మంచమెక్కుతావు. నడుములోంచి రావాలి. బొటనవేలు పిడికిలి లోపల దాచకు, విరుగుతుంది. మణికట్టు వంచకు. ముందు నీళ్లలో కదిలినట్టు నెమ్మదిగా తిప్పు. నా చేతికి తొడుక్కున్న మెత్తకు జానెడు ముందే ఆపు."

"మరి తగలకపోతే దెబ్బెలా అవుతుంది సార్?"

"తగలని దెబ్బే సురక్షితమైన దెబ్బ" అన్నాడు సేఫ్టీ సారు. మర్నాటికి అదీ బోర్డెక్కింది.

సైగలాయన బుద్ధిగా నేర్చుకున్నాడు. నడుము తిరిగింది, మణికట్టు నిలిచింది, జానెడు దూరంలో పిడికిలి ఆగింది. అన్నీ వచ్చాయి. ఒక్కటే తట్టలేదు. గుండ్రంగా చెయ్యి తిప్పడమంటే తన భాషలో ఏమిటో సామాన్ల గదిలో గుర్తు రాలేదు. అక్కడ క్రేను కనపడదు మరి. మనిషికి తన రోజువారీ విద్య పని జరిగేచోటే గుర్తుంటుంది. గుమ్మం దాటితే బండి తోలేవాడికి కూడా బ్రేకు ఏ కాలికిందో గుర్తుండదు.

ఆ పొద్దున అద్దం ముందు నిలబడి, నీళ్లలో కదిలినట్టు చెయ్యి తిప్పుతుండగా వెనకనుంచి భార్య గొంతు వినపడింది.

"ఏమండీ, భుజం పట్టేసిందా?"

"లేదు, పడుకో."

"మరి ఎవరితో మాట్లాడుతున్నారు ఆ చేత్తో? ఇంట్లో క్రేను లేదుగా."

"ఇది సైగ కాదే, దెబ్బ. ఎదుటివాడు ఈ చేతిని చూస్తూ ఉంటాడు. కింద నుంచి వాడికి తెలియకుండా తగిలిస్తా. ఇవాళ్టితో తేలిపోతుంది నా సంగతో వాడి సంగతో." వాడంటే ఆయన మనసులో వాకీటాకీ. పెట్టెను కూడా 'వాడు' అనేంత కక్ష పెంచుకున్నాడు.

ఆవిడకు నిద్ర వదిలిపోయింది. "యార్డులోనే?"

"యార్డులోనే. అందరి ముందూ. ఇన్నాళ్లూ నెత్తిన కూర్చున్నాడు, ఇవాళ దించుతా."

యార్డులో ఆయన నెత్తిన కూర్చునేది ఎవరో ఆవిడకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. తోడబుట్టినవాడు. ఆయన స్నానాలగదిలోకి వెళ్లగానే ఫోను తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ తెల్లారకుండానే లేచి పిడికిళ్లు తిప్పుతున్నాడురా. ఇవాళ నిన్ను అందరి ముందూ దించుతాడట. కింద నుంచి కొడతాడట, తెలియకుండా."

"కొడతాడా? బీరువా ఇరికించింది ఆయన, కొట్టేది కూడా ఆయనేనా?"

"నువ్వు నోరు పెట్టుకోకు. ఇవాళ్టికి ఆయన కంటబడకు. సెలవు పెట్టు."

"సెలవెందుక్కా? పెందలాడే వెళ్లి గూట్లో కూర్చుంటా, నిచ్చెన తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకుంటా. నేలమీద ఉంటే కదా కొట్టేది. సాయంత్రం దాకా దిగితే ఒట్టు."

ఈ సంభాషణ సంగతి సైగలాయనకు సాయంత్రం దాకా తెలియదు. ఆయన దెబ్బనే తలుచుకుంటూ కాఫీ సగం తాగి, క్యారేజీ బల్లమీదే వదిలేసి, నడుము తిప్పుకుంటూ వీధిలో పడ్డాడు.

యార్డులో సందడిగా ఉంది. షామియానా వేశారు, కింద కుర్చీలు వేశారు, ముందు తాళ్లు కట్టి బరి గీశారు. షామియానాకు వెనక మేనేజరుగారి గది ఉంది. అది గదంటే గది కాదు, ఇనుప రేకుల డబ్బా. ఎక్కడ కావాలంటే అక్కడికి ఎత్తి పెట్టుకోవచ్చు. ఎండకు కాలిపోతోందని దాన్ని అవతల షెడ్డు నీడలోకి మార్చాలని అనుకున్నారు. పొద్దున్నే గొలుసులు కట్టి, నేలమీద ఉండగానే క్రేను కొక్కేనికి తగిలించారు. పైనున్న బావమరిది అది చూసుకున్నాడు. ఇక సైగ రావడమే తరువాయి అనుకుని కూర్చున్నాడు. తర్వాత సేఫ్టీ సారు వచ్చి, "కార్యక్రమం అయ్యేదాకా గది కదపడానికి వీల్లేదు. ప్రమాదం" అన్నాడు. కార్యక్రమం అయ్యాకే గది మారాలని తేల్చారు.

"పైవాడికి చెప్పారా సార్?" అని అడిగాడు సైగలాయన, చేతి తొడుగులు వేయించుకుంటూ. అడగవలసిన మాట ఆయన ఒక్కడే అడిగాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

"మేనేజరుగారు వాకీటాకీలో స్వయంగా చెప్పారు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కాదనలేదంటే సరేనన్నట్టేగా."

పైన గూట్లో వాకీటాకీ టిఫిను డబ్బా పక్కన చల్లగా పడి ఉంది. దాన్ని నిన్న తన చేతిలో పెడుతూ ఎవరో, "కింద రెండోది మీ బావ దగ్గరుంటుందేమో" అన్నారు. బావమరిది ఆ క్షణమే దాని గొంతు నొక్కేశాడు.

సేఫ్టీ సారు తొడుగుల తాళ్లు బిగించాడు. మధ్యలో ఊడితే ప్రమాదమని ముడిమీద ముడి వేశాడు. ముడి జారితే ప్రమాదమని దానిమీద పట్టీ చుట్టాడు. చుట్టడం అయ్యాక సైగలాయన చేతుల చివర రెండు పనసకాయలు మొలిచినట్టున్నాయి. వేళ్లు ఎక్కడున్నాయో ఆయనకే తెలియడం లేదు.

పెద్దసారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కింది వాకీటాకీ ఆయన చేతిలో పెట్టారు. ఈ బాక్సింగు అయ్యాక మేనేజరు గదిలోంచి ఇంకో వాకీటాకీలో మాట్లాడతాడు, ఆ మాట పెద్దసారుకీ క్రేనుకీ ఒకేసారి వినపడుతుంది. అదీ కొత్త యుగం. మేనేజరు ముందే లోపలికి పోయి, తలుపు వేసుకుని, ఉపన్యాసం చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. స్పీకర్లలో వాయిద్యాల మోత మొదలైంది. సేఫ్టీ సారు కుర్చీలవైపు వీపు పెట్టి రెండు చేతుల మెత్తలూ ఎత్తి నిలబడ్డాడు. సైగలాయనకు ఎదురుగా సేఫ్టీ సారు, ఆయన వెనక జనం, జనం వెనక గది.

"నెమ్మదిగా. నీళ్లలో" అన్నాడు సేఫ్టీ సారు.

సైగలాయన ఊపిరి పీల్చి కుడిచేత్తో సున్నా చుట్టాడు. షామియానా అంచు దాటి ఎండలోకి వచ్చిన ఆ చెయ్యి ఒక్కటే పైవాడికి కనపడింది. అది ముందుకు తిరిగిందా, పక్కకు తిరిగిందా, బాక్సింగులో దాని పేరేమిటి అన్నవి పైవాడికి అనవసరం. పైనుంచి చూసేవాడికి గుండ్రం గుండ్రమే. గంట కొట్టకుండా బరువు ఎత్తరాదని సేఫ్టీ సారు పెట్టిన నియమం ఉంది. బావమరిది నియమం తప్పే మనిషి కాడు. ఠంగుమని గంట కొట్టాడు.

"అబ్బ, గంట కూడా పెట్టారే!" అని పెద్దసారు చప్పట్లు కొట్టారు. దాంతో జనమంతా కొట్టారు.

చప్పట్లు వింటే సైగలాయనకు ఒళ్లు పొంగింది. మళ్లీ తిప్పాడు. ఇంకా పెద్ద సున్నా. జనం కళ్లు ఆ చేతితోపాటే తిరుగుతున్నాయి. సేఫ్టీ సారు చెప్పింది అక్షరాలా నిజమైంది, తిరిగేదాన్నే చూస్తున్నారు. వాళ్ల వెనక మేనేజరుగారి గది, అలికిడి లేకుండా, నేల వదిలింది.

చప్పట్లు విన్న మేనేజరు తన వంతు వచ్చిందనుకున్నాడు. పెద్దసారు చేతిలో వాకీటాకీ గరగరమని పలికింది. "గౌరవనీయులైన పెద్దసారుకి నమస్కారం. ఈ క్షణం నుంచి మన యార్డు కొత్త ఎత్తులకు ఎదుగుతోంది."

"గొంతు స్పష్టంగా ఉంది" అన్నారు పెద్దసారు.

"మనం ఎంత ఎదిగినా మన కాళ్లు మాత్రం నేలమీదే..." వాకీటాకీ ఆగింది. "ఇదేంటి, కిటికీలో పైపులు కనపడాలిగా? షామియానా పైభాగం కనపడుతోందేంటి?"

సరిగ్గా అప్పుడే సైగలాయన సున్నా అడుగుకు వచ్చి, నడుము తిప్పి, తలెత్తాడు. జనం తలలమీదుగా మేనేజరుగారి కిటికీ, కిటికీలో దువ్వెన పట్టుకున్న మేనేజరు, మెల్లగా పైకి వెళ్తున్నారు. సైగలాయన కళ్లు చేటలంత అయ్యాయి. ఏం చూసి అలా అయ్యాడా అని సేఫ్టీ సారు వెనక్కి తిరిగి చూడబోయాడు. బరిలో ఎదుటివాడి మీంచి చూపు తిప్పకూడదన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. జానెడు ముందు ఆగవలసిన పిడికిలి, ఆపవలసినవాడి ధ్యాస ఆకాశంలో ఉండటంవల్ల, ఆగలేదు. నేర్చుకున్న పద్ధతిలో, మణికట్టు వంగకుండా, నడుములోని బలంతో వెళ్లి సేఫ్టీ సారు గడ్డం కింద తగిలింది. దెబ్బలో వంక పెట్టడానికి లేదు. సేఫ్టీ సారు నేలమీద చదికిలబడి, "బాగా చేశావ్" అని, ఎదురుగా లేని ఎవరికో నమస్కారం పెట్టాడు.

జనం ఈలలు వేశారు.

"గది! గది లేస్తోంది!" అని అరిచాడు సైగలాయన. వాయిద్యాల మోతలో ఆ మాట ఎవరికీ చేరలేదు. ఇక ఇన్నేళ్ల విద్య ఉందిగా అని అరచెయ్యి ఎత్తి చూపించాడు. అరచెయ్యి ఎక్కడుంది? తొడుగు లేచింది. ఆపమని చెప్పాలంటే వేళ్లు కావాలి. దించమని చెప్పాలంటే వేళ్లు కావాలి. వేళ్లు లేకుండా చెప్పగలిగినవి రెండే ముక్కలు, ఎత్తు, తిప్పు. చేతులకు దెబ్బ తగలకుండా కట్టిన భద్రత ఆ చేతుల నోరు కట్టేసింది.

జనానికి చూపిద్దామని కుడిచెయ్యి చాపి, "అదిగో! అటు చూడండి!" అన్నాడు. జనం చూశారో లేదోగాని బావమరిది చూశాడు. చెయ్యి అటు చాపితే అటు తిప్పమని. క్రేను అటు తిరిగింది. గది షామియానా పక్కనుంచి ఊరేగింపుగా బయల్దేరింది. అప్పుడు చూశారు జనం. చూసి లేచి, షామియానా బయటికొచ్చి, చేతులెత్తి గంతులేశారు. కొందరు భయంతో, కొందరు సరదాగా. పైనుంచి చూసేవాడికి ఆ తేడా తెలియదు. ఇవాళ అందరూ భలే ఉత్సాహంగా ఉన్నారే అనుకున్నాడు బావమరిది. ఒకసారి సైగ మొదలయ్యాక ఆపమనేదాకా సొంత తెలివి వాడకూడదని కూడా సేఫ్టీ సారు నియమమే. వాడలేదు.

మేనేజరు తలుపు తీశాడు. గడప అవతల గాలి తప్ప ఏమీ లేదు. తలుపు వేసేశాడు. "హలో క్రేను! లోపల నేనున్నాను! దించు! హలో!" అని వాకీటాకీ పెట్టిన కేకలకు పెద్దసారు దాన్ని చెవికి కాస్త దూరంగా పట్టుకుని, "ఇంత దూరం నుంచీ ఎంత బాగా వినపడుతోందో!" అన్నారు. వినవలసినవాడికి తప్ప లోకమంతటికీ వినపడుతోంది.

సైగలాయన పళ్లతో ముడి కొరికాడు. ఇద్దరు కూలీలు వచ్చి చెరో తొడుగు పట్టుకుని లాగారు. ఆయన మధ్యలో సాగాడుగాని ముడి సాగలేదు. "ముడేసింది ఎవర్రా?" "సేఫ్టీ సారు." "ఆయన్ని లేపండి." లేపితే, సేఫ్టీ సారు, "ముందు గడ్డం కిందికి పెట్టండి" అని మళ్లీ పడుకున్నాడు. బావమరిది మీద కోపం, మేనేజరు మీద జాలి, ఉద్యోగం మీద ఆశ, మూడూ ఒకేసారి పొంగుకొచ్చి సైగలాయన ఆకాశంలోకి చూస్తూ, "ఒరేయ్ బావమరిదీ! తప్పయిందిరా! ఆ బీరువా నాదే తప్పురా!" అని అరిచాడు. ఇన్నాళ్లకు నోరు తెరిచి ఒప్పుకున్న ఆ మాట సగం దారిలోనే గాలికి పోయింది.

గేటు దగ్గర కలకలం రేగింది. క్యారేజీ చేతపట్టుకుని ఆయన భార్య వచ్చింది. మొగుడు క్యారేజీ మరిచిపోయాడన్నది వంక. తమ్ముడు ఏమయ్యాడోనన్నది అసలు సంగతి. వచ్చి చూసేసరికి ఏముంది? మొగుడి చేతులకు బాక్సింగు తొడుగులు. కాళ్ల దగ్గర ఎవడో పడి ఉన్నాడు. మొగుడు పైకి చూస్తూ తమ్ముడి మీద రంకెలు. ఒకణ్ణి పడగొట్టి రెండోవాడి కోసం పిలుస్తున్నాడనుకుంది.

ఇరవై ఏళ్లుగా ఇద్దరి మధ్య తగువు వచ్చినప్పుడల్లా ఆవిడ ఏం చేస్తుందో ఇప్పుడూ అదే చేసింది. బరి మధ్యకు వచ్చి, ఐదువేళ్లూ చాపి, అరచెయ్యి ముందు మొగుడికి చూపించింది, తర్వాత తమ్ముడికి చూపించింది.

"ఆగండి! ఇద్దరూ ఆగండి!"

క్రేను ఆగింది. గది గాల్లో ఆగి, కాస్త ఊగి, నిలిచింది. చిన్నప్పట్నుంచి ఆ అరచెయ్యి చూసి ఆగడం తప్ప వేరే నేర్చుకోలేదు బావమరిది. సైగలాయన కూడా, అరుపు సగంలో ఉండగానే, నోరు మూశాడు.

"దిగరా కిందికి! దిగు! ముందు దిగు, తర్వాత చెప్తా నీ పని!" అని ఆవిడ వేళ్లు కిందికి ఆడించింది.

అక్క మాట ప్రకారం గది దిగింది. తిరుగుతూ తిరుగుతూ ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది. షెడ్డు నీడలో, సున్నంతో గీసిన గీతల మధ్య, ఆకు రాలినంత మెత్తగా నిలిచింది. తలుపు తెరుచుకుని మేనేజరు బయటికి వచ్చాడు. తల చక్కగా దువ్వి ఉంది, మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

యార్డంతా పెద్దసారు వంక చూసింది. సైగలాయన తొడుగుల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం సంగతి అయిపోయింది, ఇక జైలు సంగతే తేలాలి అనుకుంటున్నాడు. పెద్దసారు నెమ్మదిగా లేచారు. రెండు చేతులూ జోడించి, చప్పట్లు మొదలుపెట్టారు.

"అన్ని యార్డులూ చూశాను. ఇలాంటి డ్రిల్లు ఎక్కడా చూడలేదు. అందరి చూపూ బాక్సింగు మీదికి లాగి, వెనకనుంచి ప్రమాదం తెప్పించారు! సేఫ్టీ సారు దెబ్బ తగిలినట్టు పడుకోవడం ఉందే, నాటకాల్లో కూడా అంత సహజంగా ఉండదు. మేనేజరుగారూ, లోపల కూర్చున్నది మీరే కదా? భయం వేయలేదూ?"

మేనేజరు లెక్క చూసుకున్నాడు. నిజం చెబితే పరువు పోతుంది, అబద్ధం చెబితే ఇదే మళ్లీ చేయమంటారు. అయినా పరువే ఎంచుకున్నాడు. "లేదు సార్. అంతా ముందే అనుకున్నదే."

"మంచిది. ఇకనుంచి ప్రతి ఏడూ చేయండి. లోపల మీరే ఉండాలి."

మేనేజరు మోకాళ్లు మెత్తగా వంగాయి. బోలో పంచ్ నేర్చుకునేవాడికి సరిగ్గా అలాగే వంగాలి.

పెద్దసారు చేతిలోని వాకీటాకీని పైకెత్తి చూపించారు. "ఇందులో ఒక మనిషి అంతసేపు మొత్తుకున్నాడు. ఏమైనా జరిగిందా? చెయ్యి ఒకటి లేచింది, అంత గదీ ఆగిపోయింది. సైగల ఉద్యోగం తీసెయ్యాలని కాగితం పంపారట మీరు. తియ్యడానికి వీల్లేదు!"

సైగలాయన ఛాతీ తొడుగులంత ఉబ్బింది. చెయ్యి తిప్పినందుకు ఫలితం దక్కింది. భార్య వంక చూశాడు. చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"ఆ అమ్మని రేపట్నుంచి రమ్మనండి" అన్నారు పెద్దసారు.

"ఏ అమ్మని సార్?" అన్నాడు మేనేజరు.

"అదే, క్యారేజీ పట్టుకున్నావిడని. ఒక చేతిలో క్యారేజీ ఉండగా రెండో చేత్తో క్రేను ఆపింది. ఈ రెండు చేతులాయన ఏం చేశాడు? గది లేపాడు. ఈయన్ని చేతులతో పనిలేని చోట వెయ్యండి."

తొడుగులు చివరికి కత్తెరతో కోసి తీశారు. ఉద్యోగం మాత్రం నిలబడింది. ఇప్పుడు రోజూ పొద్దున ఆవిడ నీడలో నిలబడి అరచెయ్యి చూపిస్తుంది, క్రేను ఆగుతుంది. వేళ్లు ఆడిస్తుంది, పైపులు పసిపిల్లల్లా దిగుతాయి. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు ఒకే క్యారేజీ విప్పుకుని షెడ్డులో తింటారు. ఆవిడ తమ్ముడికి నచ్చజెబుతూనే ఉంది, తమ్ముడు బీరువా కాళ్ల సంగతి తీస్తూనే ఉన్నాడు. సేఫ్టీ సారు కోలుకుని 'తొడుగులు వేసుకుని సైగలు చేయరాదు' అని ఒకటి, 'సైగలు వచ్చినవారు చేతులు తిప్పరాదు' అని ఒకటి, రెండు బోర్డులు రాయించాడు. సైగలాయన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, ఒక వాకీటాకీ చేతిలో పెట్టి, పైవాడితో మాట్లాడటమే పని అన్నారు.

పైవాడి వాకీటాకీ ఇంకా టిఫిను డబ్బా పక్కనే ఉంది.